ఏ పేరుకూ ఒదగని మనిషి - లియో టాల్‌స్టాయ్

ఈ శతవార్షిక సంచికలో సంఘమును కట్టినవారిని గూర్చి, సంఘములో పుట్టి సంఘములోనే కన్నుమూసిన భక్తులను గూర్చి అనేకులు వ్రాస్తున్నారు. వ్రాయవలసినదే. నేను మాత్రము సంఘము వెలివేసిన ఒక మనిషిని గూర్చి వ్రాయదలచినాను. ఆయన మన దేశపువాడు కాడు, మన సంఘ శాఖకు చెందినవాడును కాడు. రష్యా దేశపు జమీందారు, ప్రపంచము మెచ్చిన నవలాకారుడు, పేరు లియో టాల్‌స్టాయ్. చెప్పులు కుట్టే మార్టిన్ అనే ముసలివాడు ప్రభువు రాకకొరకు కిటికీ దగ్గర కాచుకొని కూర్చుంటాడు, వచ్చిన బీదలందరిలో ప్రభువే వచ్చాడని చివరకు తెలుసుకుంటాడు. ఈ కథను సండేస్కూలు పిల్లలచేత క్రిస్మసు నాటికగా వేయించిన సంఘములు మనలో చాలా ఉన్నవి. అయితే ఆ కథ వ్రాసినవాని సమాధిమీద సిలువ లేదనీ, ఆయనను పాతిపెట్టినప్పుడు ప్రార్థన చేయుటకు పాదిరి లేడనీ మనలో చాలామందికి తెలియదు. అది ఎందుకు జరిగినదో చెప్పడానికే ఈ వ్యాసము.

ఆయన 1828 ఆగస్టు 28వ తేదీన మాస్కోకు దక్షిణముగా తూలా మండలములోని యస్నయా పొల్యానా అనే తమ సొంత జమీ గ్రామములో పుట్టాడు. (ఇందులో రష్యాలో జరిగిన సంగతులకు నేను ఇచ్చే తేదీలు ఆనాటి రష్యా పాత పంచాంగము ప్రకారము. మన క్యాలెండరుకు అది పందొమ్మిదవ శతాబ్దములో 12 రోజులు, ఇరవయ్యవ శతాబ్దములో 13 రోజులు వెనుక.) రెండేండ్లు నిండకముందే తల్లి, తొమ్మిదవ యేట తండ్రి పోయారు. మేనత్తలు, బంధువులు పెంచారు. పెద్దన్న నికొలాయ్ చిన్నవాళ్ళకు ఒక కథ చెప్పేవాడు. మనుషులకు రోగములు, కొట్లాటలు లేకుండా అందరూ ప్రేమతో బ్రతికే రహస్యము ఒక పచ్చని కర్రమీద చెక్కి ఉన్నదట, ఆ కర్రను తమ అడవిలో ఒక లోయ అంచున పాతిపెట్టారట. తమ్ముళ్ళు నమ్మారు. అందరూ పెద్దవారై ఆ కథ మరచిపోయారు గాని ఈయన మరువలేదు.

యౌవనమును గూర్చి ఎక్కువ చెప్పను. కజాన్ విశ్వవిద్యాలయములో చేరి పట్టా పుచ్చుకొనకుండానే 1847లో వెళ్ళిపోయాడు. త్రాగుడు, జూదము, స్త్రీ వ్యామోహము, అన్నీ ఉండెను. తాను పుట్టిన పెద్ద మేడను అమ్మితే వచ్చిన సొమ్ము కాస్తా పేకాటలో పోయినది. కాకసస్ కొండలకు పోయి సైన్యములో చేరాడు. క్రిమియా యుద్ధములో సెవస్తొపోల్ ముట్టడిలో ఫిరంగుల మధ్య ఉన్నాడు. అక్కడనుండే వ్రాసిన వ్రాతలవలన దేశమంతటా పేరు వచ్చినది.

ఆయన మనసు మార్చిన సంగతులలో ఒకటి 1857లో పారిసు నగరములో జరిగినది. ఒక హంతకుని తల నరికే శిక్షను చూడడానికి అందరితోపాటు ఆయనా పోయాడు. తల ఒకవైపు, మొండెము ఒకవైపు పడినప్పుడు, ఇంత శుభ్రముగా, ఇంత పద్ధతిగా మనిషిని చంపే యంత్రాంగమునకు ప్రభుత్వమని పేరుపెట్టినంత మాత్రాన అది న్యాయమెట్లు అవుతుందని ఆయనకు తోచినది. ఇక ఏ ప్రభుత్వమునకూ కొలువు చేయనని ఆనాడే స్నేహితునికి వ్రాశాడు. అప్పటికి ఆయనకు 28 యేండ్లు. మిగిలిన జీవితములో చాలా సంగతులలో మాట మార్చుకొన్నాడు గాని ఆ మాట మాత్రము మార్చుకొనలేదు.

1859లో తన గ్రామములో రైతుల పిల్లలకు బడి పెట్టాడు. ఆ బడిలో బెత్తము లేదు, హాజరు పట్టీ లేదు, ఇష్టము లేనివాడు లేచి ఇంటికి పోవచ్చు. మన మిషను బడులలో చదివి అరచేతులు వాచినవారికి ఈ మాట నవ్వు తెప్పించవచ్చు. కాని పిల్లలు వచ్చారు, చదివారు. 1862 వేసవిలో ఆయన ఊరిలో లేనప్పుడు పోలీసులు వచ్చి రెండు దినములు ఇల్లంతా సోదా చేశారు. నేలమాళిగలు, ఉత్తరాలు, దినచర్య పుస్తకములు ఏదీ వదలలేదు. రహస్య అచ్చుయంత్రము ఉన్నదేమోనని వారి అనుమానము. దొరికినది ఏమీ లేదు. ఇంటిలో ఉన్న ముసలి అత్త జడిసిపోయినది. తన ఇంటిలో తాను స్వతంత్రుడనని ఆ రోజువరకు ఆయన అనుకొంటూ ఉన్నాడు. చక్రవర్తికే ఫిర్యాదు వ్రాశాడు గాని ఆ అవమానము జీవితాంతము మరువలేదు.

ఆ యేడే సెప్టెంబరులో సోఫియాను పెండ్లి చేసుకొన్నాడు. ఆయనకు 34, ఆమెకు 18. పదముగ్గురు బిడ్డలు పుట్టారు, ఎనిమిదిమంది పెద్దవారైనారు. యుద్ధము-శాంతి, అన్నా కరేనినా అనే మహానవలలు ఈ కాలములోనివే. గీతలు, కొట్టివేతలతో నిండిన ఆ వ్రాతప్రతులను పగలంతా పిల్లలతో అలసిన సోఫియా రాత్రులు దీపము దగ్గర కూర్చుండి పలుమార్లు శుభ్రముగా తిరగవ్రాసినది. ఈ మాట తరువాత చెప్పబోయే సంగతులలో మనము మరువరాదు.

యాభై యేండ్లు వచ్చేసరికి ఆయనకు అన్నీ ఉన్నవి. బ్రతకడము మాత్రము ఎందుకో తెలియలేదు. ఉరి పోసుకొంటానేమోనన్న భయముతో త్రాడు దాచిపెట్టుకొన్నాడు, తుపాకి పట్టుకొని వేటకు పోవడము మానుకొన్నాడు. తత్వవేత్తలు చెప్పలేని జవాబు తన పొలములోని రైతులకు తెలిసినట్లు కనబడినది. వారితోపాటు గుడికి పోయాడు, ఉపవాసములు ఉన్నాడు. అయితే ప్రతి ఆరాధనలోను చక్రవర్తి సైన్యములకు శత్రువులమీద జయము కోరే ప్రార్థన వచ్చినప్పుడు ఆయన నోరు పెగలలేదు. గ్రీకు భాష ముందే నేర్చుకొన్నాడు గనుక నాలుగు సువార్తలను మూలములో చదివి తనకొరకు ఒకే సువార్తగా కూర్చుకొన్నాడు. కొండమీది ప్రసంగమే ఆయనకు సర్వస్వమైనది. కోపపడవద్దు, ఒట్టుపెట్టుకొనవద్దు, కీడుకు కీడు చేయవద్దు, శత్రువును ప్రేమించు. ఇవి పరలోకములో పాటించవలసినవి కావు, రేపు ఉదయము తూలా బజారులో పాటించవలసినవని ఆయన పట్టుపట్టాడు.

ఇక్కడ నేను ఒక మాట దాచకుండా చెప్పవలెను. ఆ కూర్పులో అద్భుతములను తీసివేశాడు. సిలువ తరువాతి ఖాళీ సమాధిని కూడా తీసివేశాడు. క్రీస్తు దైవత్వమును, త్రిత్వమును అంగీకరించలేదు. వేదాంత కళాశాలలో మాకు చెప్పిన ప్రకారము చూచినను, ప్రతి ఈస్టరు ఉదయము సమాధుల తోటలో నేను ప్రకటించే ప్రకారము చూచినను అది సువార్తలో సగము మాత్రమే. లేచిన ప్రభువు లేకుండా కొండమీది ప్రసంగము మనిషి భుజములమీద మోయరాని కాడి అవుతుంది. ఆ కాడిని ఆయన ముప్పై యేండ్లు మోశాడు; ఎంత బరువైనదో ఆయన దినచర్య పుస్తకములే సాక్ష్యము. అయినను సంపూర్ణ సువార్త మన దగ్గర ఉన్నదనే మనము ఆ సగమునైనా ఆయన పట్టుకొన్నంత గట్టిగా పట్టుకొన్నామా అన్న ప్రశ్న వేసుకొనక తప్పదు.

ఆనాటి రష్యాలో సంఘమునకు, ప్రభుత్వమునకు మధ్య గోడ లేదు. పీటర్ చక్రవర్తి 1721లో పాత్రియార్కు పదవిని తీసివేసి పరిశుద్ధ సినడును పెట్టినది మొదలు, దానిమీద చక్రవర్తి నియమించిన గృహస్థ అధికారి ఒకడు ఉండేవాడు. టాల్‌స్టాయ్ కాలములో ఆ అధికారి పొబెదొనోస్త్‌సెవ్ అనే న్యాయశాస్త్ర పండితుడు. సైనికుడు సువార్త గ్రంథముమీద చెయ్యివేసి ప్రమాణము చేసేవాడు. కనుక ఒట్టుపెట్టుకొనవద్దన్న వాక్యమును అక్షరాల పాటించేవాడు ఒకే దెబ్బకు మతద్రోహి, రాజద్రోహి రెండూ అయిపోయేవాడు.

1881 మార్చి 1వ తేదీన విప్లవకారులు బాంబువేసి రెండవ అలెగ్జాండరు చక్రవర్తిని చంపారు. తండ్రిని చంపినవారిని క్రైస్తవునిగా క్షమించుమని టాల్‌స్టాయ్ క్రొత్త చక్రవర్తికి ఉత్తరము వ్రాశాడు. దానిని అందజేయుటకు పొబెదొనోస్త్‌సెవ్ ఒప్పుకొనలేదు. ఆయన క్రీస్తు, తన క్రీస్తు ఒకరు కాదని జవాబిచ్చాడు. వేరొకరిద్వారా ఉత్తరము చేరినను ఫలితము లేకపోయినది. అయిదుగురిని ఉరితీశారు. మరుసటి యేడు మాస్కో జనాభా లెక్కలలో టాల్‌స్టాయ్ కోరి మరీ గణకుడై, నగరములోకెల్ల బీదవాడను ఎంచుకొన్నాడు. దిక్కులేనివారి సత్రములలో చూచినది ఆయనను నిద్రపోనీయలేదు. బీదవాని వీపుమీద కూర్చుండి, వానికి సహాయము చేయుటకు దిగడము ఒక్కటి తప్ప అన్నీ చేస్తానంటున్నానని తన్ను తానే నిందించుకొన్నాడు. నీళ్ళు తానే మోసుకొన్నాడు, కట్టెలు కొట్టుకొన్నాడు, పొలము దున్నాడు, మాంసము, సారా, పొగాకు మానివేశాడు. ఒక చెప్పులు కుట్టేవాని దగ్గర పని నేర్చుకొని బూట్లు కుట్టాడు. స్నేహితుడైన కవి ఫెత్ ఒక జత వెల ఇచ్చి కొన్నాడు. మార్టిన్ కథ ఈ రోజులలోనే వ్రాసినది.

1883లో క్రపీవ్నా పట్టణపు కోర్టులో జూరీ సభ్యుడుగా కూర్చుండుమని పిలుపు వచ్చినది. ఇతరులకు తీర్పు తీర్చుటకు తన మతము ఒప్పుకొనదని కోర్టుకు పోయి చెప్పి, జరిమానా వేయించుకొని వచ్చాడు. చిన్న సంగతే. ఆయుధము పట్టలేదు, నినాదము చేయలేదు. కాని అధికారులకు బాంబువేసేవానికంటె ఈయన ఎక్కువ చిక్కు తెచ్చిపెట్టాడు. బాంబు వేసేవానిని ఏమి చేయవలెనో చట్టములో ఉన్నది. నేను మీ ఆటలో లేనని మర్యాదగా చెప్పి ఇంటికి పోయేవానిని ఏమి చేయవలెను?

ఆయనకు ఒక పేరు తగిలించుటకు అందరూ ప్రయత్నించారు. ప్రభుత్వమువారు విప్లవకారుడన్నారు. విప్లవకారులు ప్రజల పోరాటమునకు మత్తుమందు పోసే ప్రభువుల పెద్దమనిషి అన్నారు. సంఘమువారు నాస్తికుడన్నారు, నాస్తికులు మతపిచ్చివాడన్నారు. పండితులు అరాచకవాది అన్నారు. ఏ రాజ్యమునూ ఒప్పుకొనని మాట నిజమే గాని, తనకు ఆ పేరు వద్దనీ, తాను క్రైస్తవుడననీ ఆయన జవాబు. ఆయన పేరు చెప్పుకొని పొలములలో కూటములు కట్టిన యువకులు కొందరు తమను టాల్‌స్టాయ్ శిష్యులమన్నారు. దానిని కూడా ఆయన మెచ్చలేదు; తనకంటూ ఒక బోధ లేదనీ, ఉన్నది సువార్తలోని బోధ ఒక్కటేననీ చెప్పేవాడు. ఆ కూటములు చాలావరకు రెండు మూడేండ్లలో గిన్నెలు ఎవరు కడగవలెను, ఆవు ఎవరిది అనే తగవులతో చెదిరిపోయినవి. వ్యవస్థను విడిచి వచ్చినవారు తమ వెంట తమనే తెచ్చుకొన్నారు.

ఆస్తి సంగతిలో ఆయన పడిన పాట్లు చెప్పవలెనంటే పుస్తకము కావలెను. అంతా విడిచిపెట్టుదునన్నాడు. పిల్లల గతి ఏమిటని సోఫియా అడిగినది. ఆమె అడిగినది అన్యాయము కాదు. దైవచింతనలో ఉన్న భర్త రోజుకొక త్యాగము ప్రకటిస్తుంటే, ఉప్పు పప్పు లెక్కలు, పిల్లల చదువు, పాలేరుల జీతములు, పుస్తకముల అచ్చు ఆమె నెత్తిమీదనే ఉన్నవి. మొదట వ్యవహారమంతా ఆమెకు అప్పగించాడు. 1891లో, 1881 తరువాత వ్రాసినవాటిని ఎవరైనా ఉచితముగా అచ్చువేసుకొనవచ్చునని ప్రకటించాడు. పాత నవలల హక్కు ఆమెకే విడిచాడు. 1892లో ఆస్తిని భార్యాబిడ్డలకు పంచివేసి తాను ఏమీ లేనివాడైనాడు. అయినను అదే ఇంటిలో, అదే బల్లవద్ద, తెల్ల చేతిజోళ్ళు తొడుగుకొన్న నౌకర్లు వడ్డిస్తుండగా భోజనము చేయవలసి వచ్చినది. తండ్రి మాటను నమ్మిన కూతురు మరియ తన వాటా వద్దన్నది. పెండ్లి అయిన తరువాత ఆ వాటా అడిగి తీసుకొనక తప్పినది కాదు. ఇది చదివి ఆమెను ఎవరూ తేలికగా చూడవద్దని నా మనవి.

1891లో రష్యా మధ్య జిల్లాలలో కరవు వచ్చినది. ధనికుల దానము బీదల శ్రమనుండి దోచినదేనని, డబ్బుతో చేసే ధర్మము వేషమని అంతకుముందు ఆయనే వ్రాసి ఉన్నాడు. కాని ఒక స్నేహితుడు పిలువగా రియజాన్ మండలములోని బెగీచెవ్కాకు రెండు రోజులు చూచివద్దామని పోయి, రెండు చలికాలములు అక్కడే ఉండిపోయాడు. కూతుళ్ళు వెంట ఉన్నారు. సోఫియా పత్రికలలో విజ్ఞప్తి ప్రకటించగా దేశదేశములనుండి చందాలు వచ్చినవి. ఊరూరా వందకు పైగా వంటశాలలు నడిపి వేలాదిమందికి రోజూ అన్నము పెట్టారు. తన సిద్ధాంతమునకు విరుద్ధముగా ఉన్నదని ఆయనకు తెలుసు, దినచర్యలో బాధపడ్డాడు కూడా. అయినను గంజి పోయడము మానలేదు. ఆయన జీవితములో నాకు అన్నిటికంటె ప్రియమైనవి ఈ రెండు చలికాలములే. భార్యాభర్తలు ఒక్కటిగా పనిచేసిన ఆఖరి రోజులు కూడా ఇంచుమించు ఇవే.

ప్రభుత్వము ఆయనను ముట్టుకొనలేదు. ముట్టుకొంటే ప్రపంచమంతా అరుస్తుంది. అందుకు బదులు ఆయన పుస్తకములను నిషేధించి, వాటిని చదివినవారిని, పంచినవారిని, నమ్మినవారిని పట్టుకొన్నది. డ్రోజిన్ అనే పల్లెటూరి ఉపాధ్యాయుడు సైన్యములో చేరనన్నందుకు చెరలో పెట్టగా క్షయ తగిలి 1894లో అక్కడే చనిపోయాడు. ముఖ్య అనుచరుడు చెర్త్‌కోవ్‌ను 1897లో దేశమునుండి వెళ్ళగొట్టారు. కార్యదర్శి గూసెవ్‌ను 1909లో ప్రవాసమునకు పంపారు. నేరము నాది, నన్ను పట్టుకొనండని టాల్‌స్టాయ్ పలుమార్లు అధికారులకు వ్రాశాడు. ఎవరూ రాలేదు. తన మాట నమ్మినవాడు చెరలో దగ్గుతుండగా తాను తోటలో గుర్రమెక్కి షికారు చేయడముకంటె పెద్ద శిక్ష ఏమున్నది? ఆయనకు ప్రభుత్వము వేసిన శిక్ష అదే అని నేననుకొంటాను.

కాకసస్ ప్రాంతములో దూఖబోర్లు అనే క్రైస్తవ శాఖవారు ఉండేవారు. పాదిరులు లేరు, పటములు లేవు, ప్రతి మనిషిలోను దేవుడున్నాడని నమ్మిక. 1895 జూన్ నెలలో పేతురు పండుగ రాత్రి వారు తమ ఇండ్లలోని ఆయుధములన్నిటిని కుప్పవేసి, కీర్తనలు పాడుతూ తగులబెట్టారు. కొసాకు రౌతులు కొరడాలతో పడ్డారు. వేలాదిమందిని ఇండ్లనుండి వెళ్ళగొట్టి కొండ గ్రామములలో చెల్లాచెదరు చేయగా ఎందరో ఆకలితో, జ్వరములతో చచ్చిపోయారు. వారిని కెనడాకు పంపుటకు డబ్బు కావలసి వచ్చినది. వ్రాతకు డబ్బు పుచ్చుకొనననిన టాల్‌స్టాయ్ చాలాకాలముగా మూలపడి ఉన్న నవలను ముగించి, పత్రికకు వెలకట్టి అమ్మాడు. అదే పునరుత్థానము అనే నవల. క్వేకరులు కూడా చేయి కలిపారు. 1899లో 7,000కు పైగా దూఖబోర్లు ఓడలలో కెనడా చేరారు. టాల్‌స్టాయ్ పెద్దకుమారుడు సెర్గేయ్ ఒక ఓడలో వారివెంట పోయాడు.

ఆ నవలలోనే చెరసాలలో జరిగే ప్రభురాత్రి సంస్కారమును ఎగతాళిగా వర్ణించిన అధ్యాయమొకటి ఉన్నది. సంకెళ్ళు వేసిన ఖైదీలకు, సంకెళ్ళు వేసిన అధికారులే పక్కన నిలిచి సంస్కారము ఇప్పించడములోని అబద్ధమును చూపాలని ఆయన తలంపు. కాని బల్ల దగ్గర నిలువబడే ఏ కాపరికైనా అది చదువుతుంటే చెయ్యి వణుకుతుంది. రష్యా సంఘమువారికి కోపము వచ్చినదంటే ఆశ్చర్యము లేదు. 1901 ఫిబ్రవరిలో సినడు ప్రకటన వెలువడినది. శాపవచనములు లేవు. ఆయన తన్ను తానే సంఘమునుండి తెంచుకొన్నాడనీ, మారుమనస్సు పొందేవరకు సంఘము ఆయనను తన సభ్యుడుగా ఎంచజాలదనీ, ఆయనకు బుద్ధి కలుగునట్లు ప్రార్థిస్తున్నామనీ అందులో ఉన్నది. ఏడుగురు మతాధికారులు సంతకము చేశారు.

జరిగినది వారు అనుకొన్నది కాదు. ఆ వార్త వచ్చిన ఆదివారము మాస్కో వీధిలో నడుస్తున్న ఆయనను చూచి ఒకడు సైతానని కేకవేశాడు గాని, గుమిగూడిన విద్యార్థులు, కూలీలు జేజేలు కొట్టారు. పూలు వచ్చినవి, బెదిరింపు ఉత్తరములూ వచ్చినవి. సినడుకు మొట్టమొదట ఎదురు వ్రాసినది సోఫియా. ఆమె సంఘమును విడిచినది కాదు. భర్త మతమును ఒప్పుకొన్నదియు కాదు. కాని వెలివేయడము ప్రేమ ధర్మము కాదని, తన భర్త చనిపోతే ప్రార్థన చేయుటకు డబ్బు పుచ్చుకొనని మంచి పాదిరినో, డబ్బుకు వచ్చే చెడ్డ పాదిరినో తాను వెదకుకొనగలనని మెట్రోపాలిటను అంతోనికి ఘాటుగా వ్రాసినది. టాల్‌స్టాయ్ తన జవాబులో, సంఘమును విడిచినమాట నిజమేననీ, అది ప్రభువుమీద తిరుగుబాటు కాదు, ఆయనను సేవించాలనే విడిచాననీ చెప్పాడు. మన సంఘములలో కూడా పేర్లు కొట్టివేసే రిజిస్టరు ఉన్నది. చందా బాకీకి, పార్టీ పగలకు పేరు కొట్టివేయడము ఎంత సులువో, కొట్టివేసిన ఇంటిలో అది ఎన్ని తరములు రగులుతుందో కమిటీ పెద్దలకు చెప్పనక్కరలేదు.

1905లో రష్యాలో విప్లవము రేగినది. అందరూ ఒక పక్షమును ఎంచుకొన్నారు. ఆయన ఏ పక్షమునకూ పోలేదు. చంపేవాడు చక్రవర్తి సైనికుడైనా, ఎఱ్ఱజెండా పట్టినవాడైనా ఆయనకు ఒకటే. 1908లో రైతులను మూకుమ్మడిగా ఉరితీశారన్న వార్త పత్రికలో చూచి, ఇక ఊరుకొనలేనని ఒక వ్యాసము వ్రాశాడు. ఈ హత్యలు తనవంటివాని సుఖముకొరకే జరుగుతున్నవని చెప్పుచున్నారు గనుక, తననూ ఆ చెరసాలలో వేయండి, లేదా ఆ రైతులకు వేసిన త్రాడే తన ముసలిమెడకు వేయండని వేడుకొన్నాడు. దానిని అచ్చువేసిన పత్రికలకు జరిమానాలు పడ్డవి. ఆ యేడే ఆయన 80వ పుట్టినరోజు సందర్భమున, ప్రవాసములో ఉన్న లెనిన్ ఒక వ్యాసము వ్రాస్తూ ఆయనను రష్యా విప్లవమునకు అద్దమన్నాడు. రచయితను పొగడి, బోధకుని తిట్టాడు. అదీ ఒక పేరే. ఈయన దానికీ ఒదగలేదు.

మన దేశమునకు ఆయనతో ఉన్న సంబంధము అందరికీ తెలిసినదే గాని అందులో మన తెలుగువారి పాలు కొంత ఉన్నది. దేవుని రాజ్యము మీలోనే ఉన్నదనే పేరుతో ఆయన వ్రాసిన గ్రంథమును గాంధీగారు 1894లో దక్షిణాఫ్రికాలో చదివి కదలిపోయారు. (ఆ పేరు లూకా 17వ అధ్యాయములోనిది. మన తెలుగు బైబిలు అనువాదకులు అక్కడ లోపల అనక, మధ్య అని తర్జుమా చేశారు. గ్రీకు మాట రెండు అర్థములకూ తావిస్తుంది. తనలోని రాజ్యమును అంతగా వెదకిన ఈయన, మన మధ్యనుండే రాజ్యమును, అనగా సంఘమును, కొంచెము తక్కువ చూచాడని నాకు తోచుతుంది.) 1909లో లండనునుండి గాంధీగారు ఆయనకు వ్రాశారు, ఆయన జవాబిచ్చాడు. మరుసటి యేడు జొహానెస్‌బర్గుకు 21 మైళ్ళ దూరములో కాలెన్‌బాక్ ఇచ్చిన 1,100 ఎకరముల తోటలో సత్యాగ్రహుల కుటుంబములను ఉంచి దానికి టాల్‌స్టాయ్ ఫారమని పేరుపెట్టారు. అక్కడివారిలో గుజరాతీలు, తమిళులు, ఉత్తరాదివారితోపాటు ఆంధ్రదేశమువారు ఉన్నారని గాంధీగారే వ్రాశారు. హిందువులు, ముస్లిములు, పారసీలు, క్రైస్తవులు ఒకే వంటశాలలో తిన్నారు. కాలెన్‌బాక్ క్యాథలిక్ సన్యాసుల మఠములో చెప్పులు కుట్టడము నేర్చుకొని వచ్చి గాంధీగారికి, ఇతరులకు నేర్పాడు. 1910 సెప్టెంబరులో, చనిపోవుటకు రెండు నెలల ముందు, టాల్‌స్టాయ్ గాంధీగారికి తన ఆఖరి పెద్ద ఉత్తరము వ్రాసి, ట్రాన్స్‌వాలులో మీరు చేస్తున్నదే నేడు లోకములో అతి ముఖ్యమైన పని అన్న భావము వెలిబుచ్చాడు.

ఇంటిలో మాత్రము శాంతి లేదు. ఇంగ్లండునుండి తిరిగివచ్చిన చెర్త్‌కోవ్ ఒకవైపు, సోఫియా ఒకవైపు. తగవు వీలునామాను గూర్చి. తన వ్రాతలన్నీ అందరికీ చెందవలెనని టాల్‌స్టాయ్ కోరిక. అయితే అందరికీ అని వ్రాసిన వీలునామా చట్టములో చెల్లదని, ఎవరో ఒకరి పేరు ఉండితీరవలెనని వకీలు చెప్పాడు. కోర్టులను ఒప్పుకొననివాడు, జూరీలో కూర్చుండననివాడు, ఆస్తి పాపమన్నవాడు, 1910 జూలై 22వ తేదీన అడవిలో ఒక చెట్టు మొద్దుమీద కూర్చుండి, భార్యకు తెలియకుండా, సాక్షుల ఎదుట, కూతురు అలెగ్జాండ్రా పేర చట్టప్రకారము వీలునామా వ్రాశాడు. వెలుపలికి పోవడానికి కూడా ఆ వ్యవస్థ ద్వారమునే తట్టవలసి వచ్చినది. ఆస్తి తగాదాలతో కోర్టుల చుట్టూ తిరిగే క్రైస్తవులను చూచిన మనకు ఈ దృశ్యము కొత్తది కాదు. ఆయన దానికి సిగ్గుపడ్డాడు. ఏదో దాచారని కనిపెట్టిన సోఫియా కాగితములకొరకు రాత్రింబగళ్ళు వెదకినది. నలభై ఎనిమిదేండ్లు కాపురము చేసి, ఆ వ్రాతలను చేతితో నకలు తీసిన మనిషిని చాటుచేయడము ఎంత పెద్ద ఆదర్శముకొరకైనను నేను సమర్థించలేను.

అక్టోబరు 28వ తేదీ తెల్లవారుజామున, తన గదిలో భార్య కాగితములు కదిలిస్తున్న చప్పుడు విని, 82 యేండ్ల ఆ ముసలివాడు లేచి, డాక్టరు మకొవిత్‌స్కీని వెంటపెట్టుకొని ఇల్లు విడిచాడు. ఉత్తరము చూచి సోఫియా చెరువులో దూకినది, పైకి తీశారు. ఆయన మూడవ తరగతి పెట్టెలో రైతుల మధ్య ప్రయాణము చేసి చేరినది ఎక్కడికో తెలుసునా? ఓప్తినా మఠమునకు. అక్కడ పేరుపొందిన పెద్దల కుటీరముల దగ్గరకు నడిచిపోయి, పిలువకుండా లోనికి పోవుట ఇష్టములేక వెనుదిరిగాడు. మరునాడు షమోర్దినో కన్యకా మఠములో సన్యాసినిగా ఉన్న చెల్లెలు మరియను కలుసుకొన్నాడు. వెలిపడిన అన్న, వ్రతము పూనిన చెల్లెలు ఒకరిని పట్టుకొని ఒకరు ఏడ్చారు. అక్కడే ఒక గుడిసె అద్దెకు తీసుకొందామనుకొన్నాడు. కాని వెదకివస్తారన్న భయముతో మళ్ళీ రైలెక్కాడు. త్రోవలో చలిజ్వరము, ఊపిరితిత్తుల వాపు. అస్తాపొవో అనే చిన్న స్టేషనులో దింపి స్టేషను మాస్టరు ఇంటిలో పడుకోబెట్టారు.

ఏడు రోజులలో ఆ స్టేషను ప్రపంచమంతా ఎరిగిన చోటైనది. విలేఖరులు, పోలీసులు, సినిమా కెమెరా పట్టుకొన్నవారు వచ్చారు. ఓప్తినానుండి వర్సొనోఫీ అనే పెద్ద, ఆయన ఒక్క మాట అంటే సంఘములో చేర్చుకొనుటకు సంస్కారము పట్టుకొని వచ్చాడు, లోనికి పోనీయలేదు. ప్రత్యేకపు రైలులో వచ్చిన సోఫియాను కూడా పోనీయలేదు. మునివ్రేళ్ళమీద నిలువబడి కిటికీలోనుండి లోపలికి తొంగిచూస్తున్న ఆ ముసలమ్మ బొమ్మ నేటికీ ఉన్నది. స్పృహ తప్పిన తరువాతనే ఆమెను రానిచ్చారు. నవంబరు 7వ తేదీ ఉదయము ఆయన ప్రాణము విడిచాడు.

తొమ్మిదవ తేదీన యస్నయా పొల్యానాలో కుమారులు, రైతులు పెట్టెను మోశారు. వేలాదిమంది వెంట నడిచారు. పాదిరి లేడు, జనమే నిత్య స్మరణ కీర్తన ఎత్తుకొన్నారు. తాను కోరిన ప్రకారము, అన్న చెప్పిన పచ్చని కర్ర పాతిపెట్టి ఉన్నదన్న లోయ అంచున పూడ్చిపెట్టారు. రాయి లేదు, పేరు లేదు, సిలువ లేదు, గడ్డి మొలిచిన మట్టిదిబ్బ మాత్రమే. 2001లో, వెలి వేసిన నూరవ యేట, ఆయన మునిమనుమని కుమారుడొకడు ఆ తీర్పును మరల ఆలోచించుమని రష్యా సంఘాధిపతిని వేడుకొన్నాడు. సంఘము ఒప్పుకొనలేదు.

సోఫియా ఆయన తరువాత తొమ్మిదేండ్లు ఆ ఇంటిలోనే ఉండి, ఆయన పుస్తకములను, వస్తువులను సర్ది భద్రపరచినది. 1919లో చనిపోయినది. ఆమెను ఆ లోయ అంచున పెట్టలేదు. కొద్దిదూరములో కోచకీ గ్రామపు దేవాలయము ప్రక్కన, చిన్నప్పుడే పోయిన బిడ్డల దగ్గర, సిలువ క్రింద ఆమె నిద్రించుచున్నది.